నోటీసుకు జవాబు రాసే ముందు

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న దీవించి రాయునది.

నువ్వు పంపిన రవాణా శాఖ నోటీసు రెండు పేజీలూ చదివాను. ఫోనులో నువ్వు "లైసెన్సు రద్దు చేసేశారు పెదనాన్నా" అన్నావు. ఆ కాగితంలో ఎక్కడా అలా లేదు. కొత్త బళ్ళ డీలరుగా నీకున్న ట్రేడ్ సర్టిఫికెట్‌ను ఎందుకు సస్పెండ్ గానీ రద్దు గానీ చేయకూడదో ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని ఉంది. రద్దు చేశారనడానికీ, ఎందుకు చేయకూడదో చెప్పమనడానికీ మధ్య ఉన్న ఈ ఏడు రోజులే ఇప్పుడు నీ చేతిలో ఉన్నవి. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. మీ లాయరుగారికి కూడా ఈ ఉత్తరం చూపించు.

ముందుగా, ఎమ్మెల్యేగారి మనిషిని పట్టుకుంటే పని అయిపోతుందని నీకెవరో చెప్పారట. ఆ దారి తొక్కొద్దు. పైరవీ చేస్తే ఫైలు కొన్నాళ్ళు బీరువాలో పడుకుంటుంది, అంతే. ఫైల్లో నీ జవాబు మాత్రం ఉండదు. ఆ అధికారికి బదిలీ అవుతుంది, కొత్తాయన వస్తాడు, ఫైలు తీస్తాడు. నోటీసు ఉంటుంది, అందినట్టు నీ సంతకం ఉంటుంది, దాని కింద ఖాళీ ఉంటుంది. "ఇచ్చిన గడువులో సంజాయిషీ ఇవ్వనందున" అన్న ఒక్క ముక్క చాలు రద్దు చేయడానికి. ఆ తర్వాత అప్పీలుకు వెళ్ళినా మొదట అడిగేది, అప్పుడెందుకు నోరు విప్పలేదనే. ఈ వ్యాపారంలో లైసెన్సులు పోగొట్టుకున్న వాళ్ళలో నాకు తెలిసిన ఎక్కువ మంది పెద్ద తప్పు చేసి పోగొట్టుకోలేదు. చిన్న తప్పుకు వచ్చిన నోటీసుకు జవాబివ్వక పోగొట్టుకున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు.

నోటీసు ఎలా చదవాలో చెబుతాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 44వ నిబంధన ఉంది. 39 నుంచి 43 దాకా ఉన్న నిబంధనలు పాటించలేదని రిజిస్టరింగ్ అధికారి నమ్మడానికి కారణం ఉంటే, డీలరు చెప్పుకునేది విన్నాక, సర్టిఫికెట్ సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు. అంటే ఆ నోటీసులో ఎంత పెద్ద మాటలున్నా చివరికి ఆ అయిదు నిబంధనల్లో ఏదో ఒకదానికి అవి ముడిపడాలి. ఒక తెల్ల కాగితం తీసుకుని ఎడమ పక్క వాళ్ళ ఆరోపణ, కుడి పక్క అది ఏ నిబంధన కిందికి వస్తుందో రాసుకో. నాకు మూడు కనిపించాయి.

మొదటిది మండల కేంద్రంలో మీ బావమరిది నడుపుతున్న షెడ్డు. తనిఖీలో అక్కడ దొరికిన కొత్త బళ్ళ చాసిస్ నంబర్లన్నీ నోటీసులోనే ఉన్నాయి కాబట్టి, అవి మనవి కావని అనడానికి వీల్లేదు, అనకూడదు కూడా. "అందరూ సబ్‌డీలర్లను పెట్టుకున్నారు కదా" అని జవాబులో రాయకు. పక్కవాడు చేస్తున్నాడన్నది సంజాయిషీ కాదు, నువ్వూ చేశావని ఒప్పుకోవడం. ట్రేడ్ సర్టిఫికెట్ ఎవరి పేరున ఇచ్చారో వాళ్ళే వాడాలనీ, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదనీ 40వ నిబంధన. మీ బావమరిది నీ జీతగాడు కాదు, కమిషన్ మీద అమ్ముతున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. 2025లో ఒక పెద్ద విద్యుత్ స్కూటర్ల కంపెనీ షోరూంల మీద మహారాష్ట్రలో తనిఖీలు జరిగి, ట్రేడ్ సర్టిఫికెట్ లేనివాటిని మూయించిన సంగతి పేపర్లలో చదివే ఉంటావు. అంత పెద్ద కంపెనీకే తప్పనిది మనకు తప్పుతుందా?

ఇవాళే బోర్డు తీయించు. బళ్ళన్నీ లోడు బండి మీద, స్టాకు బదిలీ చలానాతో మెయిన్ షోరూంకి తెప్పించు. కుర్రాళ్ళ చేత నడిపించుకుని తేవద్దు, దారిలో ఆపితే నాలుగో ఆరోపణ తయారవుతుంది. చలానా నకలు జవాబుకు జత చెయ్యి. ఆ ఊళ్ళో బ్రాంచి నడపాలనే ఉంటే నీ పేరునే, నీ జీతగాళ్ళతో, ఆ చోటుకు సర్టిఫికెట్ తీసుకుని నడుపు. 2022 సెప్టెంబరులో నిబంధనలు మార్చాక ఇది ఏమంత కష్టమైన పని కాదు. దరఖాస్తు వాహన్ పోర్టల్‌లోనే పెట్టుకోవచ్చు, అన్ని రకాల బళ్ళకూ ఒకటే దరఖాస్తు చాలు, ఒకప్పుడు ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకున్నది ఇప్పుడు అయిదేళ్ళు ఉంటుంది. 30 రోజుల్లో ఆఫీసు ఏ సంగతీ తేల్చకపోతే మంజూరైనట్టే లెక్క. ఇంత సులువు చేసిన తర్వాత కూడా సర్టిఫికెట్ లేకుండా అమ్మితే ఎవరూ జాలి చూపరు.

రెండోది విజయదశమి నాడు నంబరు రాకుండా ఇచ్చేశావని వాళ్ళంటున్న మూడు బళ్ళు. నాకు కోపం వచ్చింది దీని మీదే, దాచుకోను. రిజిస్ట్రేషన్ లేకుండా, తాత్కాలికమో శాశ్వతమో ఏదో ఒకటి లేకుండా, కొన్నవాడికి బండి అప్పగించకూడదని 42వ నిబంధన సూటిగా చెబుతోంది. దుర్ముహూర్తం వచ్చేస్తోందని, పంతులుగారు వెళ్ళిపోతారని కస్టమరు తొందరపెడతాడు. నిజమే, దసరా ఉదయం షోరూం ఎలా ఉంటుందో నాకు తెలియంది కాదు. కానీ ఆ మూడు బళ్ళలో ఒకటి ఆ సాయంత్రమే ఎవరినైనా గుద్ది ఉంటే? 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన కేసు ఒకటి చెబుతాను. ఒకాయన కొత్త బొలేరో కొన్నాడు, తాత్కాలిక రిజిస్ట్రేషన్ (టీఆర్) గడువు తీరిపోయింది, శాశ్వత నంబరు తీసుకోలేదు. ఊరుగాని ఊరు వెళ్ళి జోధ్‌పూర్‌లో ఒక గెస్ట్‌హౌస్ బయట పెడితే బండి దొంగలు ఎత్తుకుపోయారు. ప్రీమియం కట్టాడు, పాలసీ ఉంది, అయినా బీమా సొమ్ము రాలేదు. రిజిస్ట్రేషన్ లేకుండా బండిని రోడ్డు మీద వాడటం పాలసీ షరతును మౌలికంగా ఉల్లంఘించడమేనంది కోర్టు. గడువు తీరిన టీఆర్‌కే ఆ గతి పడితే, అసలు టీఆరే లేకుండా ఇచ్చిన బండి సంగతేమిటి? నువ్వు మిఠాయి పెట్టి, ఫొటో తీసి పంపించిన మనిషిని ఏ రక్షణా లేకుండా రోడ్డు మీదికి పంపావు. వాళ్ళు మనల్ని నమ్మి, బంగారం కుదువపెట్టో ఫైనాన్సు తీసుకునో కొన్నవాళ్ళు.

మోటారు వాహనాల చట్టం కూడా ఈ భారం కొన్నవాడి మీద కన్నా నీ మీదే ఎక్కువ పెట్టింది. 2019 సవరణ తర్వాత, అమ్మిన రాష్ట్రంలోనే రిజిస్టరయ్యే కొత్త బండికి దరఖాస్తు పెట్టాల్సింది డీలరే. పెట్టకపోతే 192బి సెక్షన్ కింద జరిమానా ఏడాది పన్నుకు పదిహేను రెట్లు, లేదా మొత్తం లైఫ్ ట్యాక్స్, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. అదే ఓనరుకైతే ఏడాది పన్నుకు అయిదు రెట్లు, లేదా లైఫ్ ట్యాక్స్‌లో మూడో వంతు. తప్పుడు పత్రాలతో రిజిస్ట్రేషన్‌కు పెడితే డీలరుకు జైలు కూడా ఉంది, ఆరు నెలలకు తక్కువ కాకుండా. అందుకే చెబుతున్నాను, అడ్రసు ప్రూఫు సరిపోలేదని మీ సేల్స్ కుర్రాడు ఇంకెవరిదో కరెంటు బిల్లు జతచేసే అలవాటు ఉంటే ఈరోజుతో ఆపించు.

వచ్చే ఉగాదికో దసరాకో ఇలా చెయ్యి. బుకింగ్ చేసుకున్న రోజే ఆధార్, అడ్రసు, నామినీ, ఫైనాన్సు కాగితాలు తీసేసుకో. పండగ ముందు రోజు సాయంత్రానికల్లా పన్ను కట్టడం, బీమా, నంబరు పని అన్నీ అయిపోవాలి. పోర్టల్ ఆగిపోయి ఎవరి నంబరైనా రాలేదనుకో, పూజ మన షోరూం ఆవరణలోనే చేయించు. కొబ్బరికాయ కొట్టించు, నిమ్మకాయలు తొక్కించు, ముహూర్తానికి బండి మీద కూర్చోబెట్టి ఫొటో తీయించు. తాళం మాత్రం నంబరు వచ్చాకే. ఎందుకో కుదురుగా చెబితే నూటికి తొంభై మంది వింటారు. వినని వాళ్ళు వేరే షోరూంకి పోతారు, పోనీ.

మూడోది రిజిస్టరు. నీకు చిన్నదిగా కనిపించింది గానీ, తనిఖీకి వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు మొదట అడిగింది అదేనని నువ్వే చెప్పావు. ఫారం 19 అంటే ఏమిటో మీ మేనేజరుకు తెలియకపోవడం నన్ను బాధపెట్టింది. బైండు చేసిన పుస్తకం, పేజీలకు వరస నంబర్లు. ట్రేడ్ సర్టిఫికెట్‌తో వచ్చే ట్రేడ్ నంబరు మీద బండి గేటు దాటే ముందే ఏ బండి, ఎవరు నడుపుతున్నారు, ఏ పని మీద ఎక్కడికి వెళుతున్నారు అన్నీ అందులో ఎక్కాలి. ఒక నకలు నడిపేవాడి జేబులో ఉండాలి. తిరిగొచ్చిన టైము ఒక్కటే వచ్చాక రాసేది. టెస్ట్ రైడ్‌కు ఇచ్చినా అంతే, రైలు స్టేషను నుంచి స్టాకు తెచ్చినా అంతే. ఏయే పనులకు ట్రేడ్ నంబరు వాడొచ్చో 41వ నిబంధనలో వరసగా ఉంది. మీ మేనేజరు ఆ బండి మీద పిల్లల్ని బడికి దించడం అందులో లేదు.

ఈ పుస్తకం విలువ నేను ఆటోనగర్‌లో కళ్ళారా చూశాను. ఇక్కడ లారీ చాసిస్‌లకు బాడీలు కట్టే షెడ్లు ఎన్నో ఉన్నాయి కదా. ఒక డీలరు చాసిస్ ఒకటి బాడీ షెడ్డుకు పంపాడు, ట్రేడ్ నంబరు ప్లేటు దానికే కట్టి. అంతవరకూ సక్రమమే, బాడీ కట్టించడానికి తీసుకెళ్ళొచ్చని 41లోనే ఉంది. షెడ్డు కుర్రాడు ఆ ప్లేటు ఊడదీసి వేరే బండికి తగిలించుకుని వెళ్ళాడు, అది బెంజి సర్కిల్ దాటాక ఆటోను కొట్టింది. ఒక ట్రేడ్ నంబరు ఒకే సమయంలో ఒక్క బండికే అన్నది 39వ నిబంధన. డీలరును బయటపడేసింది ఆ రిజిస్టరే. ఏ చాసిస్‌కు, ఏ డ్రైవరుకు, ఏ షెడ్డు దాకా ఇచ్చాడో బండి కదలక ముందే రాసి ఉంది. ఆ ఒక్క వరస లేకపోతే ఆయన సర్టిఫికెట్‌తో పాటు పరువూ పోయేది.

ఇప్పుడు నీకో గట్టి మాట. పాత తేదీలు వేసి ఆరు నెలల రిజిస్టరు ఒక్క రాత్రిలో రాయించే ఆలోచన మీ మేనేజరుకు వచ్చే ఉంటుంది. వాడి చేతిలో పెన్ను లాగేసుకో. ఒకే చేతిరాత, ఒకే సిరా, ఎక్కడా కొట్టివేత లేని పేజీలు చూస్తే అధికారికి క్షణంలో అర్థమవుతుంది. రిజిస్టరు పెట్టకపోవడం నిబంధన తప్పడం. దొంగ రిజిస్టరు పెట్టడం మోసం. కొత్త పుస్తకం ఇవాళ్టి తేదీతో మొదలుపెట్టు, "ఇంతవరకు సరిగా నిర్వహించలేదు, ఫలానా తేదీ నుంచి నిర్వహిస్తున్నాము" అని జవాబులో నిజం రాసి, మొదటి పేజీ నకలు జత చెయ్యి.

జవాబు పొడుగ్గా ఉండనక్కర్లేదు. ఆరోపణల వరసలోనే వెళ్ళు. నిజమైనదాన్ని ఒప్పుకుని సరిదిద్దుకున్నదానికి రుజువు పెట్టు, నిజం కానిదాన్ని కాదని కాగితం చూపించు. ఆ మూడు బళ్ళలో ఒకదాని టీఆర్ డెలివరీకి ముందు రోజే వచ్చిందని నువ్వన్నావు కాబట్టి దాని ప్రింటు ముఖ్యం. వాళ్ళ చేతిలో ఉన్న తనిఖీ నివేదిక, ఫొటోలు నీకు ఇవ్వలేదు. వాటి నకళ్ళు ఇప్పించమని, స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇవ్వమని చివరి పేరాలో రాతపూర్వకంగా అడుగు. ఆఫీసులో ఇచ్చి నీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకో, రిజిస్టర్డు పోస్టులో కూడా ఒకటి పంపు. హియరింగుకు వెళ్ళినప్పుడు గొంతు పెంచకు. ఎదుటివాడు కూడా ఉద్యోగం చేసుకుంటున్న మనిషే, అతని మీదా పై అధికారి ఉన్నాడు. నువ్విచ్చిన కాగితాలుంటేనే అతను నీకు మేలు చేయగలిగేది.

అయినా సస్పెండ్ చేశారనుకో, ఉత్తర్వు అందిన తేదీ కవరు మీద రాసి కవరు కూడా దాచు. అందిన నాటి నుంచి 30 రోజుల్లో రవాణా శాఖ అధిపతికి, అంటే మన రాష్ట్రంలో రవాణా కమిషనరుకు, అప్పీలు చేసుకోవచ్చని 45వ నిబంధన. ఉత్తర్వు సర్టిఫైడు నకలు జతచేయాలి కాబట్టి దాని దరఖాస్తు మొదటి రోజే పెట్టు. అమలు ఆపమని విడిగా అడగమని లాయరుగారికి చెప్పు. నీ మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చి ఉంటే హైకోర్టు తలుపు కూడా తెరిచే ఉంది. అప్పీలు దారి ఉన్నా సహజ న్యాయం జరగనప్పుడు రిట్ వినవచ్చని వర్ల్‌పూల్ కేసులో 1998లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక సర్వీసు షెడ్డు మూయాల్సిన పని లేదు. ట్రేడ్ సర్టిఫికెట్ రిజిస్టర్ కాని బళ్ళది, కస్టమర్లు సర్వీసుకు తెచ్చే బళ్ళు దానితో ముడిపడి లేవు. మెకానిక్కులను ఇంటికి పంపకు.

ఇంతవరకూ సర్కారు కాగితం సంగతి. నీ గోడ మీద రెండో కాగితం ఉంది, కంపెనీ డీలర్‌షిప్. నా భయమంతా దాని గురించే. సర్కారు నీ సర్టిఫికెట్ తీసేయాలంటే కారణం చెప్పాలి, నీ మాట వినాలి, పైన అప్పీలు ఉంది. కంపెనీకి అవేమీ అక్కర్లేదు. ఒప్పందం తీసి రద్దు క్లాజు చదువు. నోటీసు ఇచ్చి ఎవరైనా తప్పుకోవచ్చని ఒకటి ఉంటుంది, చట్టపరమైన లైసెన్సులు పోతే వెంటనే రద్దు చేయొచ్చని ఇంకొకటి ఉంటుంది. అంటే రిజిస్టరింగ్ అధికారి ఉత్తర్వు నెల రోజుల సస్పెన్షనే అయినా, దాన్ని చూపించి కంపెనీ నీ డీలర్‌షిప్పే తీసేయగలదు. కోర్టుకు వెళితే తిరిగి ఇప్పిస్తారా అంటే, నమ్మకం పెట్టుకోకు. ఇండియన్ ఆయిల్‌కూ అమృత్‌సర్‌లోని ఒక గ్యాస్ డిస్ట్రిబ్యూటరుకూ నడిచిన కేసులో 1990లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో లాయరుగారిని అడుగు. రద్దు చేసిన తీరు సరిగా లేదని తేలినా, 30 రోజుల నోటీసుతో ముగించదగ్గ ఒప్పందం గనుక ఆ 30 రోజుల ఆదాయమే నష్టపరిహారం, ఏజెన్సీ తిరిగి ఇవ్వనక్కర్లేదు అంది. కోట్లు పెట్టి కట్టిన షోరూంకు చట్టంలో ఉన్న విలువ అది.

కంపెనీయే దేశం విడిచి పోతే ఇంకా దారుణం. 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. అప్పుడు డీలర్ల సమాఖ్య ఫాడా చెప్పిన లెక్క ప్రకారం 170 మంది డీలర్లు, 391 అవుట్‌లెట్లు, దాదాపు 2,000 కోట్ల పెట్టుబడి. అంతకుముందు జనరల్ మోటార్స్ 2017లో, హార్లే డేవిడ్సన్ 2020లో అమ్మకాలు ఆపినప్పుడూ డీలర్లే రోడ్డున పడ్డారు. అమెరికాలో డీలరును కంపెనీ అన్యాయంగా తొలగిస్తే కోర్టుకెళ్ళే హక్కు కోసం 1956లోనే చట్టం చేసుకున్నారు. మన దేశంలో అలాంటి రక్షణ చట్టం కావాలని ఫాడా అడుగుతూనే ఉంది. అది రావాలి, వచ్చే దాకా మన డీలర్ల సంఘం మీటింగులకు నువ్వు తప్పకుండా వెళ్ళాలి. టార్గెట్ల గొడవలో పడి వెళ్ళడం మానేశావని విన్నాను.

అందుకని కంపెనీ ఏరియా మేనేజరుకు ఈ నోటీసు సంగతి నీ నోటితోనే తెలియాలి, జవాబు నకలుతో పాటు. పక్క డీలరు చెప్పాక తెలిస్తే వాళ్ళు వేరేలా రాసుకుంటారు. స్టాకు మీద అప్పిచ్చిన బ్యాంకుకూ అంతే. ఈ వ్యవహారం తేలేదాకా నెలాఖరు టార్గెట్ కోసం కొత్త స్టాకు దించుకోవద్దు. అమ్మలేని బండి మీద వడ్డీ రోజూ పెరుగుతుంది. కంపెనీ నుంచి రావలసిన ఇన్సెంటివులు, వారంటీ క్లెయిములు, డిపాజిట్ అన్నీ ఒక స్టేట్‌మెంటుగా తయారు చేయించి, మెయిల్‌లో వాళ్ళ ఒప్పుకోలు తెప్పించుకో. తెగదెంపులయ్యాక అడిగితే ఫోను ఎత్తేవాడుండడు.

ఎక్స్చేంజి బళ్ళ గురించి కూడా చెప్పాలి. షోరూం వెనక పాత బళ్ళు ఆనించి పెట్టావు, వాటి ఓనర్ల చేత పేరు మార్పుకు వాడే ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకుని డ్రాయరులో పెట్టావు. అందరూ చేసేదే, కానీ ఆ బండి నీ దగ్గరా, బ్రోకరు దగ్గరా చేతులు మారుతున్నంత కాలం రికార్డులో ఆ పాత ఓనరే ఉంటాడు. ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్నవాడే పరిహారం కట్టాలని 2018లో సుప్రీంకోర్టు తీర్పు, మధ్యలో ఎందరు కొన్నా సరే. ఏ పాపమూ తెలియని మనిషికి సమన్లు వెళతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ళ డీలర్లకు వేరే ఆథరైజేషన్ వచ్చింది. అది తీసుకుని, బండి నీ చేతికి రాగానే పోర్టల్‌లో ఫారం 29సి ద్వారా తెలియజేస్తే అమ్మేదాకా బాధ్యత నీది అవుతుంది, ఎన్‌ఓసీ, పేరు మార్పు దరఖాస్తులు నువ్వే పెట్టుకోవచ్చు. ఇప్పుడొచ్చిన తనిఖీ మళ్ళీ వస్తే వెనక గేటు కూడా తీసి చూస్తారు. అంతలోపే సర్దుకో.

ఇంకో సంగతి, హ్యాండ్లింగ్ చార్జీలని ఇన్వాయిసులో లేని డబ్బు తీసుకుంటున్నారేమో చూసి ఆపించు. టూ వీలరుతో హెల్మెట్ ఇవ్వడం నిబంధనే, దానికి విడిగా బిల్లు వేయకు.

ఆ దసరా బళ్ళవాళ్ళలో ఇద్దరికి ఇంకా ఆర్సీ చేరలేదన్నావు. జవాబు రాయడానికి కూర్చునే ముందు వాళ్ళిద్దరి ఇళ్ళకూ నువ్వే వెళ్ళు, సేల్స్ కుర్రాణ్ణి పంపకు. ఆలస్యం మనదేనని చెప్పి, ఏమైనా జరిమానా పడి ఉంటే మనం కట్టి, ఆర్సీ ఎప్పటికి వస్తుందో కాగితం మీద రాసి ఇచ్చి రా. హియరింగు తేదీ వేయగానే కబురు చెయ్యి, నేనూ మీ లాయరుగారితో వస్తాను. జవాబు చిత్తుప్రతి శుక్రవారంలోగా నాకు పంపు. మీ అమ్మ కంగారు పడుతోందట, ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు.

ఇట్లు
మీ పెదనాన్న